మూడో నంబరు

ప్రొద్దుటూరు, మైదుకూరు రోడ్డు.
షెడ్డులో ఫ్యాను తిరగదు, ఎండ తిరుగుతుంది.
అంబాసిడర్ హెడ్డు విప్పి
కడప బండ మీద బోర్లించినాను.

మీటరు ఎన్నిసార్లు సున్నాకొచ్చిందో
కారుకే గుర్తులేదు.
"మూడు లక్షలు దాటింటాది దస్తగిరీ" అంటాడు ఓబులేసు,
చచ్చిపోయిన నాయన వయసు చెప్పినట్టు, అందాజుగా.

సంపు దించితే అడుగున
నూనె కాదు, మాడిన సంగటి.
బోరు అంచున గోరు పెట్టి జార్చినాను.
మెట్టుకాడ ఆగింది.
ఇంగ మైక్రోమీటరు ఏం చెప్పినా
నా గోరు చెప్పిందే.

ఒకటి, రెండు, నాలుగు
అరిగినాయి గానీ మర్యాదగా అరిగినాయి.
మూడో రాడ్డు టోపీ ఊడదీస్తే
బేరింగు వెనక
డాల్డా డబ్బా రేకు ముక్క.
చెట్టు బొమ్మలో సగం మట్ట
ఇంకా పచ్చగానే ఉంది.

ఎడమచేతి కత్తెర కోత.
అంత వంకరగా
ఈ రోడ్డులో ఇంకెవురు కోస్తారు?
నాకప్పుడు పద్నాలుగేండ్లు.
కొత్త బేరింగుకని మేస్త్రీ ఇచ్చిన లెక్కతో
రెండు మ్యాట్నీలు చూసినాను,
సోడా కూడా తాగినాను.

ఆ రేకు మీదే
ఇరవయ్యారేండ్లు తిరిగింది ఈ బండి,
బళ్లారి ఆస్పత్రికి, తిరపతికి,
నడిరేయి నల్లమల ఘాటులో
లోపల నిద్రపోతున్న పిల్లోళ్లతో.

"ఏందది?" ఓబులేసు వంగినాడు.
పిడికిలి మూసినాను.
"మూడో బేరింగుకు లెక్క నాది."
"ఎందుకప్పా?"

క్రాంకు తుడుస్తా అన్నాను:
"ఆ కిరసనాయిలు డబ్బా ఇట్లందుకో."