కుడివైపు

గాజుగిన్నెలు కడగడం నా పని.
క్యోటోలో జూన్ వాన. ల్యాబ్ కిటికీకి చెమట పట్టింది.
అంతకుముందు ముప్ఫై ఒక్క ఏళ్లు
నిషిజిన్‌లో పట్టు మగ్గాల ముందు నిలబడ్డాను.
ఆ చప్పుడు నా ఎడమ చెవిని తినేసింది.
అందుకే హోనామి ఏదైనా చెప్పాలంటే
చుట్టూ తిరిగొచ్చి కుడివైపు నిలబడుతుంది.

ఆమె పెంచేది పాచి.
నాణెపు పాచి అంటారు ఇక్కడ.
మఠం తోటలో నాచును కాపాడటానికి
తోటమాలి తొకుజిరో
వెదురు పుల్లతో దాన్ని పీకి పారేస్తాడు.
"పిలవకుండా వస్తుంది, పొమ్మంటే పోదు" అని తిట్టి,
మంగళవారం మంగళవారం ఒక బకెట్టు నింపి
మా వెనక గుమ్మంలో పెట్టి
టీ కూడా తాగకుండా వెళ్లిపోతాడు.

దానికి పువ్వు లేదు, కాండం లేదు,
నేలను నాకుతున్న పచ్చటి నాలుక, అంతే.
నాలుక మీద బుల్లి గిన్నెలు,
గిన్నెల్లో నువ్వుగింజలంత పిల్లలు.
చినుకు తగిలితే చాలు, ఎగిరి అవతల పడి
కాపురం పెట్టేస్తాయి.

నిన్న ఒక గిన్నె ఇచ్చి పారెయ్యమంది.
లోపల నాలుక లేదు. ముద్ద.
పిడికిట్లో నలిపి వదిలేసిన పిండిలా.
"చచ్చిపోయిందా?"
"లేదు, బాగా పెరుగుతోంది. ఆకారమే రాదు."
"ఆ ఆక్సిన్ ఏదో పొయ్యలేదా మరి?"
"పొయ్యక్కర్లేదు, ఒంట్లోనే ఉంది, దండిగా.
వినే జన్యువును తీసేశాను.
దీనికి అది ఒక్కటే."

చెవిటివాడి ముందు శంఖం.
కొండ దారిలో సన్యాసులు శంఖం ఊదుతూ పోతుంటే
ఒకసారి నేను ఎడమ పక్క ఉండిపోయాను.
బుగ్గలు ఉబ్బడం చూశాను.
చెట్ల మీంచి పిట్టలు లేవడం చూశాను.

వినడంతో అయిపోదట.
విన్న మాటను పని చేయించేవి ఇంకో ఇద్దరు.
ఒకటి కానివ్వంటుంది, ఒకటి వద్దంటుంది.
ఇద్దరికీ కూర్చునే పీట ఒకటే.
ఎవరు ఎక్కువ మంది ఉంటే వాళ్లదే పీట,
ఆ తోపులాటలోనే
ఇక్కడ గిన్నె, అక్కడ అంచు, ఇక్కడ చాలు ఇక ఆగు.
మూడోది కూడా ఉంది,
దాని సంగతి మాకే సరిగ్గా తెలీదు అని నవ్వింది.

సముద్రపు నాచులోనూ ఆ ఆక్సిన్ ఉందట.
మాట ముందు పుట్టింది.
ఇలా వినడం, నేలకెక్కే దారిలో ఎక్కడో నేర్చుకున్నారు.
తర్వాత నకళ్లు, నకళ్లకు నకళ్లు.
పాచిలో ముగ్గురే అయిన ఆ చేయించేవాళ్లు
వరిచేలో పాతికమంది.
"నకలు తీసేటప్పుడు తప్పులు పోతాయి కదా, ఫుమియే గారూ,
ఆ తప్పుల్లో కొన్ని కొత్త పని నేర్చుకుంటాయి."

నాకా చెబుతుంది!
మగ్గం మీద రంధ్రాల అట్టలు తిరుగుతుంటాయి.
దారం అదే. అట్ట మారితే కొంగ,
అట్ట మారితే చేమంతి.
పాత అట్టలు చిరిగితే కొత్తవి కొట్టేది నేనే.
ఒక చలికాలం చేతివేళ్లు కొంకర్లు పోయి
ఒక రంధ్రం పక్కకి జరిగింది.
కొంగ కాలు వంగింది.
వంగిన కాలు నీళ్లలో నడుస్తున్నట్టు ఉందని
ఒసాకా వర్తకుడు ముచ్చటపడ్డాడు.
ఇరవై ఏళ్లు ఆ తప్పు కొంగనే నేశాం.
మిగతా తప్పులన్నీ
నా జీతంలోంచి కోశారు.

ఆటోక్లేవ్ వేడెక్కుతోంది.
నూట ఇరవై ఒక్క డిగ్రీలు, ఇరవై నిమిషాలు.
ముద్దను చేతిలోకి తీసుకుని వెలుగుకి పట్టాను.
అన్ని వైపులా సమానంగా ఉబ్బి ఉంది.
పైకి వెళ్దామని లేదు, ఆగుదామని లేదు.
ఒంటి నిండా మాట.

ఏదో ఒకటి చెప్పి పంపిద్దామనిపించింది.
అలవాటు కొద్దీ
దాని కుడివైపు వచ్చి నిలబడబోయాను.

దానికి కుడివైపు లేదు.