కింద అక్షరాల్లేని సినిమా

పోశం, నువ్వు టికెట్ కిటికి మీద గుద్ది
పైసల్ వాపస్ అడిగినవ్.
రామ్‌టెకే కొడుకు, కాలేజీల సైన్సు చెప్పెటోడు,
గాలి లేని గ్రహం మీద చప్పుడెట్ల పుడ్తదని
తర్రీ పోహ ప్లేటు పక్కకు వెట్టి మరీ నవ్విండు.
బల్లార్షా మొత్తం ఒక్కటే మాట:
ఆ ఇరవై ఒక్క నిమిషాలు తెర మీద బొమ్మ లేదు,
చీకటి, గోడ అవుతల ఒక గొంతు,
ఆ గొంతు ఏమంటున్నదో
కింద ఒక్క అక్షరం లేదు.

ఒప్పుకునేటియి ముందుగాల ఒప్పుకుంట.
పాట దండుగ. మెరుపు చీర గట్టుకొని
ఉల్కల మీద ఎగురుడేంది, నేను బయటికొచ్చి బీడి తాగిన.
ఆ రాకెట్టు మా పాత బొగ్గు లారీ తీర్గ దగ్గింది.
పిల్ల తండ్రి ముచ్చట నడుమల ఎందుకొచ్చిందో
తీసినోనికే ఎరుక.

కని చప్పుడు సంగతి చెప్త, ఇను, సైన్సు సారూ.
గాలి మోస్తేనే చప్పుడా? రాయి మోయదా?
బాయిల కప్పు కూలే ముందు
చెవులకన్న ముందుగాల పండ్లకు తెలుస్తది.
ఆ పిల్ల గోడకు దవుడ ఆనిచ్చి ఇన్నది.
నువ్వు సూడలే,
ఫోన్ల మొకం వెట్టినవ్.

ఇగ అక్షరాలు.
పోశం, మన బతుకు కింద ఎన్నడన్న అక్షరాలు వడ్డయా?
ఇంట్ల తెలుగు. బడిల మరాఠీ, ఒత్తు తప్పితే బెత్తం.
బాయిల హిందీ, అది గూడ బిహారు సర్దార్ నోట్ల నలిగిన హిందీ.
ఓదేలు అని అమ్మ వెట్టిన పేరు
జీతం బుక్కుల వోడేలు అయింది.
ముప్పై ఏండ్లు ఆ వోడేలు జీతమే తెచ్చుకొని తిన్న.
పెండ్లాం సిరోంచది, దాని తెలుగు వేరే,
మొదటి ఏడు సగం కొట్లాటలు మాటలకే.
అయిన ఉప్పు అడిగితే ఉప్పే ఇచ్చింది.

ఎనభై ఏడు, రెండో షిఫ్టు.
మూడో సీముల కప్పు వడ్డది.
దీపం కొంచెం సేపు ఉన్నది. తర్వాత లేదు.
రాళ్ళ అవుతల మడావి జంగు.
వానికి తెలుగు రాదు, నాకు గోండి రాదు,
ఇద్దరికి వచ్చిన హిందీ నాలుగు మాటలు,
పానీ, రుక్, టబ్బు, సాబ్,
అవి అరగంటల ఒడిసినయ్.
అప్పుడు వాడు గోండిల మొదలువెట్టిండు.
తిడుతున్నడో, దేవుని పిలుస్తున్నడో,
ఇంటికాడి మేకల పేర్లు లెక్కవెడుతున్నడో.
వాడు ఆగినకాడ నేను తెలుగుల అందుకున్న:
అమ్మ కాసే అంబలి,
సైకిల్ ట్యూబుకు పడ్డ చిల్లు,
నీకు బాకీ ఉన్న పదారు రూపాయలు గూడ చెప్పిన, పోశం.
నేనాగితే వాడు. వాడాగితే నేను.
ఆగుడు ఎక్కువైతే ఇద్దరం రాయి కొట్టుడు.
పదకొండు గంటలు.

ఆ సినిమాల ఏమైతలేదంటవ్.
సరిగ్గ గట్లనే ఏమైతలేదు.

జంగు ఆ తర్వాత తొమ్మిదేండ్లు బతికిండు.
బుధవారం అంగట్ల ఎదురువడితే
తునికాకు బీడి ఒకటి నా చెవి సందుల చెక్కేటోడు.
అప్పటికి నాకు గోండి కొంత వశమైంది.
అడగచ్చు, ఆ రాత్రి ఏం చెప్పినవ్‌రా అని.
అడగలే.

ఆ పిల్ల గూడ అడగలే, ఆఖర్న, గోడ పగిలినంక.
ఉట్టిగ నిలవడి సూసింది.
అప్పటికే మీరు కుర్చీలు లేపి టపటప లేస్తున్నరు,
గేటు పిలగాడు లైట్లేసిండు.

రేపు ఆఖరి ఆట.
ఎల్లుండి నుంచి కత్తుల సినిమా వస్తదట.
రా పోశం, టికెట్ నాది.
ఆ పదారు రూపాయలు అండ్ల పట్టుకో.