దండాసి ముందు ఆగదు

గుణుపురం చేరేలోపు మూడుసార్లు ఆగింది.
షెడ్డులో దండాసి తాళం తిప్పితే
ఇన్‌స్పెక్టరొచ్చిన నాటి బడిలా
బుద్ధిగా పలికింది.

ఫిల్టరు విప్పితే తుప్పు నీళ్లు. మార్చాం.
మళ్లీ ఆగింది, ఈసారి వానలో.
రిలే కూడా మార్చాం.

"రోగం సెప్పదు బాబూ ఇది.
వొచ్చినప్పుడు పక్కనుండాల."

ఆదివారం నా పక్కన కూర్చున్నాడు,
పంపు నుంచి లాగిన వైర్లకు
ఒళ్లో చిన్న బల్బు, నోట్లో పాన్.
నలభై కిలోమీటర్లు ఊరికే వెలిగింది.

రామనగుడ దాటాక, గతుకులో
బల్బు ఆరింది. ఇంజనూ ఆగింది.
తప్పిపోయిన మేక దొరికినట్టు
దండాసి నవ్వాడు.

ట్యాంకు దగ్గర ఎర్తు తీగ:
నాకు అమ్మేముందు ఎవరో పూసిన
కొత్త రంగు మీదే బిగించేశారు.
గీకాడు. ఇనుము కనబడింది.

ఎంతివ్వమంటావన్నాను.
"గీకినందుకేటడగను?"
అంటూ పాన్ ఉమ్మి,
రెంచీ తుడుచుకున్నాడు.