పచ్చి ఓక్

పదహారేళ్లు బర్మింగ్‌హామ్‌లో
కార్ పార్కుల ఉక్కు లెక్కలు చూశాను.
బోల్టుకి పట్టిక ఉంటుంది,
వేలు పెట్టి వెతికితే జవాబు.
ఇక్కడ, హెరెఫర్డ్‌షైర్‌లో, ప్రాసర్ గారి షెడ్డులో
మొన్నటిదాకా చెట్టుగా ఉన్నది
రెండు దిమ్మెల మీద పడుకుని ఉంది.
కోస్తే తడి. పుల్లటి వాసన,
పాత జాడీ మూత తీసినట్టు.

"లాగుతుందా? తోస్తుందా?"
ప్రతి కీలు దగ్గరా ఆయన అడిగేది అదే.
తోస్తే భుజం ఇవ్వు.
లాగితే తోక ఇవ్వు.
రెండూ చేస్తుందంటే
నీకింకా తెలియలేదని అర్థం.

నా మొదటి డ్రాయింగు ఎంత ముచ్చటగా ఉందో!
మూల స్తంభంలోకి మూడు దిక్కుల నుంచి
మూడు దూలాలు, మూడు కుసులు, మూడు బెజ్జాలు,
అన్నీ ఒకే ఎత్తులో.
పాము చావాలి, కర్ర విరగకూడదు అనుకుని గీశాను.
ప్రాసర్ మాట్లాడకుండా
బెజ్జాలన్నీ పెన్సిల్‌తో నల్లగా నింపాడు.
మధ్యలో తెల్లగా మిగిలింది
నా బొటనవేలంత.
"కప్పుని మోయాల్సింది ఇది," అన్నాడు.

ఆ రాత్రి అద్దె గదిలో నిద్ర పట్టలేదు.
రెండు కర్రలు కలవాలంటే
రెండూ ఎంతో కొంత తెగాలి,
ఎంత తెగొచ్చో ముందే గీసుకోవాలి.
ఇంత చిన్న సంగతికి
నాకు నలభై మూడేళ్లు పట్టింది.

పొద్దున్నే ఒక దూలాన్ని ఆరంగుళాలు దించాను.
ఇంకోదాని కుసి సన్నం చేశాను.
మూడోది తీసేశాను.
అది లేకపోయినా ఏమీ కాలేదు.

మేకులుండవు. చీలలు మాత్రం ఏడాది ఎండినవి.
పచ్చి కలప ఆరుతూ వాటి చుట్టూ ముడుచుకుంటుంది.
రంధ్రాలు తిన్నగా ఎదురెదురు పడకూడదట,
నాణెం మందం పక్కకి జరగాలి.
"తిన్నగా ఉంటే వదులే," అంది కెరిస్,
పంతొమ్మిదేళ్లది, నాకు ఉలి నూరడం నేర్పిన పిల్ల.
ఓక్ రసానికి ఇనుము తగిలి
నా వేళ్లు నీలి నలుపు.
కొట్లో చిల్లర ఇస్తున్నమ్మాయి
నా అరచేయి చూసి నాణేలు బల్ల మీద పెట్టింది.

మేం కట్టింది గొప్ప హాలేం కాదు,
చర్చి మలుపులో బస్ షెల్టర్.
స్తంభం మీద ఉలితో నాలుగు గీతలు,
కుసి మీదా నాలుగే.
నిలబెట్టే రోజు అదే దూరనని మొండికేసింది.
కెరిస్ కొయ్య సుత్తి నా చేతికిచ్చి తప్పుకుంది.
ఒక దెబ్బ.
ఇంకొకటి.
లోపలెక్కడో ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడు,
భుజం వెళ్లి స్తంభానికి ఆనింది.

గురువారం వాన.
సంచి పట్టుకున్న ముసలాయన దాని కింద నించుని
బస్సుని తిట్టుకుంటున్నాడు. పైకి చూడలేదు.
మూల స్తంభంలో సన్నటి పగులు. గోటితో తడిమాను.
వస్తుందని గీసినప్పుడే తెలుసు.
వచ్చే వేసవికి అందులో వేలు పడుతుందట.
ముసలాయన నా నల్లటి గోరు చూసి
కాస్త పక్కకి జరిగి
నాకూ చోటిచ్చాడు.