కూచోలేనోళ్ల బైఠాయింపు

నా జిరాక్సు కొట్టు
కనిగిరిలో, పామూరు రోడ్డు మీద.
పేజీకి రెండు రూపాయలు.
సదరం సర్టిఫికెట్లు, పింఛను అర్జీలు
గాజుపలక మీద బోర్లించి బోర్లించి
నలభై శాతం, అరవై అయిదు శాతం, ఎనభై శాతం
కాళ్లన్నీ నాకు అంకెల్లోనే తెలుసు.

ఒకసారి మాలకొండమ్మ పాదాలు ఫొటో తీసి
స్టేటస్ పెట్టాను.
ఈ నీళ్లకు జవాబుదారీ ఎవరని కింద రాశాను.
రాత్రికి నాలుగొందల పన్నెండు మంది చూశారు.
మర్నాడు సంగతి చెప్తే
కర్ర గోడకు ఆనించి అడిగింది:
"చూసి ఏమన్నారు నాయనా?"
"ఏడుపు బొమ్మలు పెట్టారు పెద్దమ్మా."
"అయ్యో, వాళ్లకేమయింది పాపం?"

ఇరవై నాలుగు గంటలకు స్టేటస్ పోయింది.
ఆమె మోకాళ్లు ముప్ఫై ఏళ్లుగా
అదే స్టేటస్‌లో ఉన్నాయి.

షేరు చెయ్యండి, షేరు చెయ్యండి అని
ఎన్నిసార్లు రాశానో.
మా నాయనకు పొగాకు బ్యారన్‌లో షేరుండేది.
బ్యారన్ కాలిపోయిన ఏడు
బూడిదలోనూ ఆయన వాటా ఆయనకొచ్చింది.

కొట్టు మూలన నీలం నీళ్ల క్యాను
అప్పుడప్పుడూ బుడుంగుమంటుంది.
నేను తాగేది అది.
వాళ్లు తాగేది బోరుది.
ఈ రెండు ముక్కలూ ఎప్పుడూ పోస్టు చేయలేదు.

సోమవారం.
ఆటోల్లోంచి ముందు కర్రలు దిగాయి,
తర్వాత ఖాళీ బిందెలు,
ఆ తర్వాత, చాలాసేపటికి, మనుషులు.
తాసిల్దారు ఆఫీసు ముందు బైఠాయింపు అని
బ్యానరు మీద ఉంది.
కేకల్లేవు. అంబులెన్సుకు దారి వదిలి
కానుగ నీడ అందని పక్కన
బిందెలు వరసగా పెట్టారు.
నేను కొట్టు మెట్టు మీద నిలబడి
ఫోను ఎత్తాను.
ఆఫీసు గుమాస్తాలు నాకు ఖాతాదార్లు,
నెలకు ఆరేడు వేల బేరం.
మెట్టు దిగితే
ఫొటో తీసేవాణ్ణి కాను, ఫొటోలో పడేవాణ్ణి.

మాలకొండమ్మ చూసింది.
"అబ్బయా, నీ మోకాళ్లు వంగుతాయా?"
"వంగుతాయి."
"అయితే ఇట్టా రా. బైఠాయింపంట.
మేం కూచుంటే మళ్లా లేవలేం.
మా బదులు నువ్వు కూచో."

మెట్టుకూ రోడ్డుకూ మధ్య జానెడు.
షట్టరు సగం దించడానికి
ఎంతసేపు పట్టిందో చెప్పను.

కూచున్నాను.
తారు వేడి ప్యాంటులోంచి ఎక్కింది.
నాతోపాటు ఇద్దరు కాలేజీ పిల్లలు,
గోళీసోడా బండి హజరత్తు.
మస్తాన్‌బీ, పెద కాశయ్య, మిగిలినోళ్లంతా
మా చుట్టూ నిలబడ్డారు.
తలెత్తకుండానే కనిపించాయి
పక్కకు తిరిగిన పాదాలు,
చెప్పు పట్టని మడమలు,
ఒకదాని బరువు ఒకటి మోయలేక
వంతులు మార్చుకునే కాళ్లు.
గాజు మీద బోర్లించిన శాతాలు
ఇవన్నమాట.

గాలి వచ్చినప్పుడల్లా
ఖాళీ బిందెలు సన్నగా మూలిగాయి.
హజరత్తు తీసిన వీడియోలో తర్వాత వెతికాను.
ఆ మూలుగు పడలేదు.

రోడ్డవతల ఎరువుల కొట్టు శేషగిరి
నన్ను ఫొటో తీసుకొని
బొటనవేలు పైకెత్తి చూపించాడు.
ఆ వేలు నాకు బాగా తెలుసు.
పొద్దుటిదాకా నాదే.

పన్నెండున్నరకు తాసిల్దారు బయటికొచ్చి
అర్జీ తీసుకున్నాడు. పైకి పంపుతానన్నాడు.
పైన అంటే యాడ అని కాశయ్య అడిగాడు.
ఎవరూ పలకలేదు.
బిందెలు ఎట్లా దిగాయో అట్లానే ఆటో ఎక్కాయి.

లేవబోతే కాళ్లు రెండూ నావి కావు.
తిమ్మిరి.
పట్టుకోను ఏమీ లేక తూలుతుంటే
మాలకొండమ్మ తన కర్ర నా చేతిలో పెట్టి
తను ఆటోకు ఆనుకుంది.
"కాసేపు నిలబడు నాయనా," అంది.
"నీది పోద్దిలే."