పావు తిప్పు

చండూరు అంగడి దాటినంక
ఎరువుల దుకాణం, దాన్నానుకొని రేకుల డబ్బా.
మదార్ సాబు సైకిల్ షాపుకు బోర్డు లేదు
యాపకొమ్మకు ఒక వంకర రింగు ఏలాడుతుంటది.
అదే బోర్డు.

ముందు గీరకు ముప్ఫై రెండు పుల్లలు
ఎనక గీరకు నలభై.
ఎక్కాలకంటె ముందు నాకొచ్చిన లెక్క ఇది.

మోకాళ్లు వంగవు ఆయనకు, మా దిక్కు నీళ్లట్లాంటివి.
స్టూలు మీద కూసోని
సైకిల్‌ను బోర్ల పండవెట్టి
ఒక చేత్తోని గీర తిప్పుతడు
ఇంకో చేత్తోని సుద్దముక్కను
చిమటాకు ఆనిచ్చి పడుతడు, కదలకుండ.
రింగు ఎటు ఒరిగితె అటు తెల్లగీత.
గీత పడ్డ దిక్కు వదులు చెయ్యి
అవతలి దిక్కు బిగియ్యి
పావు తిప్పు. పావే.
అర తిప్పినవా, ఒకకాడి వంకర
ఇంకోకాడికి పోయి కూసుంటది.

గోటితోని పుల్లను మీటి
"ఇను" అనేటోడు.
నాకు ఎరువుల లారీ ఇనవడేది
గొర్లమంద ఇనవడేది
మునుగోడు బస్సుకాడ సీట్లకోసం కొట్లాట ఇనవడేది.
"బిగువున్నది టింగుమంటది బేటా
వదులున్నది దగ్గుతది.
నలభై మందిల దగ్గెటోడెవడో పట్టు.
విరిగేది వాడే.
బిగువుకు విరగదు పుల్ల
ఊగి ఊగి, కొంకికాడ, వదులుకు విరుగుతది."

నేను సగమే విన్న.

ఒక శుక్రారం ఆయన నమాజుకు పోయినంక
పాల ముత్తిలింగం ఎనక గీర నా చేతిల పడ్డది.
రెండు క్యాన్లు, అరవై లీటర్లు, గట్టుప్పల తొవ్వ.
గట్టిగుంటె మంచిదేనాయె అనుకున్న
చాబీ ఇగ తిరగననేదాక తిప్పిన
నలభైకి నలభై.
పిట్టలు కూసినట్టు కూసినయ్ పుల్లలు.
ఎంత సంబురమో.
కింద పెట్టి చేత్తోని ఒక్క ఒత్తు ఒత్తిన.
కాగిన నూనెల పడ్డ అప్పడం లెక్క
గీర గీరంత ముడుసుకపోయింది.

అప్పుడే అండాలమ్మ వచ్చింది
రాట్నం గీర సంకల పెట్టుకొని.
అది గుడ సైకిల్ రింగే
టైరు లేదు, ట్యూబు లేదు
పుట్టినకాంచి ఏ ఊరూ పోలేదు
ఇంట్ల ఉన్నకాన్నే తిరిగి తిరిగి
కండెలు సుట్టిన గీర.
నన్ను సూసింది, అప్పడాన్ని సూసింది
నవ్వలేదు.
"పడుగు పోగును గిట్లనే గుంజుతరా కొడుకా?
మా తాన అయితె తెగుతది.
ఇనుము గనక వంగి ఊకున్నది."

కండ్లు మూసుకొని
నూలు కోసిన యేలుతోని మీటింది.
ఇది. ఇది కాదు. ఇది.
నేను చాబీ పట్టుకొని ఆమె యేలెంట తిరిగిన.
సాబు వచ్చేటాళ్లకు
నలభై పుల్లలు వదులైనయ్
రింగు మాత్రం మల్ల రింగు కాలేదు.

ఆయన తిట్టలేదు. కొత్త రింగు తీసిండు
నా పగార్ల రాసుకున్నడు
సప్పుడు చెయ్యకుండ పుల్లలెక్కిచ్చుకుంట
"గొలుసు దిక్కువి ఎక్కువ గుంజాలె
అవతలివి తక్కువ" అన్నడు.
"సమానం చేస్తె?"
"గీర నడుమకు రాదు.
గొలుసుకు జాగ ఇచ్చినం గదా
అటు ఇరుకు, బరువు గుడ అటే."

అండాలమ్మ రాట్నం గీర అందుకొని
"మా ఇంట్ల గొలుసు దిక్కు నేనే, సాబు" అని లేచింది.
ఆయన పైసలు తీసుకోలే
ఆమె అడగలే.

వంకర రింగు ఆ దినమే కొమ్మెక్కింది.

ఇప్పుడు సాబుకు ఇనవడదు.
చాబీ కొస పండ్లమధ్య కరిచి పట్టుకొని
రెండో కొస పుల్లకు ఆనిస్తడు
ఆ అదురుతోనే సగం తెలుసుకుంటడు.
మిగిలిన సగానికి నన్ను పిలుస్తడు.

మొన్న బడిపిల్ల సైకిలొకటి వచ్చింది
హ్యాండిల్‌కు ఇంక ప్లాస్టిక్ కవరే విప్పలేదు.
ఏడో పుల్ల మీటిన.
"ఏమంటున్నది?" అన్నట్టు మొకం ఎత్తిండు.
గుండె మీద చెయ్యి పెట్టుకొని
దగ్గి సూపిచ్చిన.

పావు తిప్పిండు.
మల్ల చెవి పుల్లకాడికి వంచిండు
ఇనవడుతున్నట్టే.