రేవు లెక్క

పదకొండేళ్ళు ఈ రేవులో కూర్చుని బండ్లు లెక్కపెట్టాను.
మడత కుర్చీ, ఫ్లాస్కులో టీ, బొటనవేలి కింద మీట.
కారుకో నొక్కు, వ్యానుకో నొక్కు,
లారీకి వేరే మీట, దాని స్ప్రింగు కాస్త గట్టి.
టైన్ నది నా వీపు వెనకాలే ఉండేది.
దాన్ని చూడటానికి నాకు జీతం ఇవ్వలేదు.

ఏప్రిల్లో దారి మళ్ళించారు.
మొదటి సోమవారం పొద్దున ఏడింటికి
అలవాటు కొద్దీ వచ్చి కూర్చున్నాను.
బొటనవేలు దానంతటదే రెండుసార్లు నొక్కింది.
ఏ బండీ రాలేదు.
వంతెన ఇనుప దూలాల మీద కిట్టివేక్ పిట్టలు
తమ పేరు తామే పెట్టి పిలుచుకుంటున్నాయి.
ఇన్నేళ్ళూ అరిచాయా, ఇవాళే మొదలెట్టాయా?

తర్వాత తారు పెకలించేవాళ్ళు వచ్చారు.
తారు కింద కంకర, కంకర కింద నల్లరాళ్ళు,
రాళ్ళ మధ్య ఒక ఇనుప కడియం,
ఎప్పటి ఓడల తాళ్ళకో ఒక వైపు అరిగి సన్నబడింది.
మేస్త్రీ హెస్లప్ అరచేత్తో దాన్ని తుడిచి
"ఇది ఇక్కడే ఉంటుంది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.
నక్షాలో అక్కడ చెత్తబుట్ట ఉంది.
చెత్తబుట్టే రెండడుగులు జరిగింది.

బెంచీల మీద మూడు మీటింగులు పెట్టారు.
ఆల్మా రోబ్సన్, ఎనభై నాలుగేళ్ళది,
నమూనా బెంచీలన్నిటి మీదా ఒక్కొక్కటిగా కూర్చుని
"కూర్చోడానికి బాగానే ఉన్నాయి,
లేవడం సంగతి ఎవరైనా ఆలోచించారా?" అంది.
చేతులున్న బెంచీలొచ్చాయి.
కర్రలకు కట్టిన రోవన్ మొక్కలొచ్చాయి,
పరీక్ష హాలు బయట పిల్లల్లా బిగుసుకుని.

లారీవాళ్ళకి బేకన్ రొట్టెలమ్మే లెన్ మాత్రం
పెనం బోర్లించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
"ఒడ్డున పడ్డది మీరు,
మునిగింది నేను" అన్నాడు.

నాకు కొత్త కాగితం ఇచ్చారు.
నడిచేవాళ్ళకో గడి, సైకిళ్ళకో గడి,
చక్రాల కుర్చీలకి, పిల్లల బండ్లకి తలా ఒకటి.
ఊరికే నిలబడి నీళ్ళు చూసేవాడికి గడి లేదు.
అదే అడిగితే ఆఫీసరు నీళ్ళు నమిలాడు,
అంత నది పక్కన పెట్టుకుని.

ఇంకో సంగతి. బండ్లు ఎక్కడికీ మాయమవలేదు.
గుట్టెక్కి మా వీధిలోకి వచ్చాయి.
రాత్రి రెండింటికి అల్మరాలో గ్లాసులు
ఒకదాన్నొకటి తాకి వణుకుతాయి.
దుప్పటి మీద నా బొటనవేలు నొక్కుతుంది:
లారీ. వ్యాను. లారీ.
కింది వాటాలో ఎస్తేర్ కిటికీ సందుల్లో
పాత బనీను పీలికలు కుక్కింది. దాని పిల్లకి దగ్గు.
"రేవు బాగుందటగా?" అంది మెట్ల మీద.
బాగుందన్నాను.
బాగుంది కనకే నోట్లోంచి మాట మెల్లగా వచ్చింది.

శనివారం పిల్లని తీసుకుని దిగి వచ్చింది.
పోటు వేళ. టైన్ వెనక్కి నడుస్తోంది,
దాన్నీ ఎవరో దారి మళ్ళించినట్టు.
లెన్ పెనం తిప్పి పెట్టాడు, రొట్టె సగం ధరకిచ్చాడు.
పిల్ల ఆ ఇనుప కడియంలో కాలు దూర్చి,
ఇరుక్కుని, ఏడ్చి, బూటు వదిలి బయటపడింది.
ఎస్తేర్ బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.
గంటా పది నిమిషాలు.

స్కేలు పెట్టి పెన్సిల్‌తో ఒక గడి గీశాను.
పైన ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలి
కింద రెండు గీతలు పెట్టాను.

ఆ రాత్రి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని
మా వీధి లెక్క రాశాను. ఎవరూ అడగని లెక్క.
పదకొండు నుంచి ఐదు దాకా, లారీలు నూట ముప్పై ఏడు.
సోమవారం రెండు కాగితాలకీ
ఒకే పిన్ను కొట్టి పంపాను.